తేమ మిషనూ, పై షడ్జమూ

కార్లు తయారుచేసేవాళ్ల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పక్క సీటు మీద ఏది పెట్టినా ఈ కాలపు కార్లు దాన్ని మనిషే అనుకుంటాయి. బియ్యం సంచి పెట్టినా సరే, బెల్టు పెట్టుకోమని కుయ్యి కుయ్యిమంటాయి. ఇది బియ్యమమ్మా, దీనికి ప్రాణభయం లేదు అంటే వినవు. మా కారుతో ఏడాదిపాటు వాదించి చివరికి నేనే లొంగిపోయాను. పోయిన చైత్రంలో ఒక అట్టపెట్టెకు బెల్టు బిగించి, పక్కన కూర్చోబెట్టుకుని, గుంటూరు నుంచి దర్శి దాకా రెండు వారాలు తిరిగాను. మార్టూరు దగ్గర ఒక పోలీసాయన కారు ఆపి లోపలికి వంగి చూశాడు. పెట్టెకు బెల్టు ఉంది, నాకు లేదు. ఆయన పెట్టె వైపు మెచ్చుకోలుగా తల ఊపి, నాకు జరిమానా రాశాడు.

ఆ పెట్టెలో ఉన్నది మా కంపెనీ తయారుచేసిన ఏకైక వస్తువు. ఎండుమిరపకాయల్లో తేమ ఉందో లేదో చెప్పే మిషన్. గుప్పెడు కాయలు గిన్నెలో వేసి, మూత బిగించి, మీట నొక్కితే అరనిమిషంలో దీపం వెలుగుతుంది. కాయ ఎండితే పచ్చ, తడి ఉంటే ఎరుపు. ఎరుపుతోపాటు ఒక కూత కూడా పెట్టాం. కూత పెట్టాలన్నది నా ఆలోచనే. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి కల్లానికి వచ్చిన రైతుకు కూడా సంగతి తెలియాలని.

ఇంజనీరింగ్ చదివి, పరాయి ఊళ్లో పద్నాలుగేళ్లు ఉద్యోగం చేసి, అక్కడ చల్లగా సుఖంగా ఉండటం భరించలేక గుంటూరు వచ్చేశాను. బ్రాడీపేటలో ఒక పళ్ల ఆసుపత్రి పైన గది అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టాను. తలుపు మీద నా పేరు, దాని కింద ‘వ్యవస్థాపకుడు’ అని రాయించాను. మొత్తం ఉద్యోగులం ముగ్గురం. పోయిన చైత్రం నాటికి ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. మూడోవాణ్ణి నేను. నన్ను ఎవరూ పిలవలేదు.

తడి కాయ బస్తాలో బూజు పడుతుంది. శీతల గిడ్డంగిలో పక్క బస్తాను కూడా పాడుచేస్తుంది. ఈ సంగతి గుంటూరు జిల్లాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన విషయాన్ని చెప్పే మిషన్‌ను డబ్బిచ్చి ఎవరైనా ఎందుకు కొంటారన్న ప్రశ్న, కంపెనీ పెట్టిన మూడేళ్లకుగాని నాకు తట్టలేదు.

ఇక రెండో సంగతి. నేను ఒక సన్నాయి విద్వాంసుడికి అభిమానిని.

ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా గుంటూరులో ఒక పెళ్లికి భోజనానికి వెళ్లాను. పెళ్లికొడుకెవరో, పెళ్లికూతురెవరో తెలియదు. హాస్టల్లో ఉండేవాళ్లకు అదొక అడ్డంకి కాదు. బంతిలో కూర్చుని పులుసు దాకా వచ్చేసరికి అవతల మండపంలో సన్నాయి తోడి రాగం ఎత్తుకుంది. తోడి అని అప్పుడు తెలియదు. ఎవరో నా వెనక నిలబడి నా గురించే చెబుతున్నట్టు అనిపించింది, అంతే. చెయ్యి విస్తట్లోనే పెట్టుకుని అలా ఉండిపోయాను. నా భోజనం అయిపోయిందనుకుని వడ్డనవాళ్లు విస్తరి తీసేశారు. పెరుగన్నం దక్కలేదు. అప్పటినుంచి ఇరవై ఏళ్లకు దగ్గరగా, పరాయి ఊరి నుంచి సెలవు పెట్టి వచ్చి అయినా సరే, ఆయన వాయించే చోట ముందు వరసలో నా కుర్చీ ఉంటోంది. సినిమా హీరోల అభిమానులకు సంఘాలుంటాయి. మా సంఘానికి అధ్యక్షుణ్ణీ నేనే, సభ్యుణ్ణీ నేనే.

ఆయనది తరాలుగా రామాలయాల్లో సన్నాయి ఊదే ముస్లిం కుటుంబం. అద్దంకి పక్కన పల్లె. పోయిన ఏడు ఉపవాసాలు ముగించి, పండుగ చేసుకుని, ఆ వెంటనే నవమి పందిళ్లకు బయల్దేరారు. ఊళ్లన్నీ సాయిబు గారంటాయి. నేను మాస్టారూ అంటాను, ఆయన దగ్గర ఒక్క స్వరమైనా నేర్చుకోకపోయినా. డోలు వాయించేది ఆయన బావమరిది. ఈయన ఎంత మెత్తగా మాట్లాడతారో, బావమరిది అంత మొహమాటం లేకుండా మాట్లాడతాడు. డోలు కూడా అలాగే వాయిస్తాడు.

చైత్రంలో మా వైపు పొలాల్లో కల్లాల నిండా మిరపకాయలుంటాయి. ఊళ్లలో పందిళ్ల నిండా సన్నాయి ఉంటుంది. కనుక ఆయన కచేరీల జాబితా తెచ్చుకుని, దాని ప్రకారం నా మిషన్ చూపించే ఊళ్లు వేసుకున్నాను. పగలు కల్లం, సాయంత్రం పందిరి. బ్యాంకువాళ్లకు ఇచ్చిన కాగితంలో దీన్ని ‘గ్రామస్థాయి ప్రదర్శనల ప్రణాళిక’ అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. రోజుకు రెండు ప్రదర్శనలు ఉండేవి. అందులో ఒకటి నాది.

మొదటి కచేరీ చిలకలూరిపేట పక్క ఊళ్లో. సాయంత్రం ఆరింటికి కల్యాణి ఎత్తుకున్నారు. కల్యాణిని మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లి, పై షడ్జం మీద నిలబెట్టి, ఊపిరి ఎక్కడినుంచి వస్తోందో అంతుపట్టనంతసేపు అక్కడే ఉంచడం ఆయన పద్ధతి. నేను ఇన్నేళ్లుగా కార్లో పెట్రోలు పోయించుకుంటున్నది ఆ ఒక్క స్వరం కోసమే. ఆ సాయంత్రం దానికి ఒక్క మెట్టు కిందున్న నిషాదం దాకా వెళ్లారు. అక్కడ ఆగారు. గడప దాకా వచ్చి, లోపల ఎవరో పడుకున్నారని తెలిసినవాడిలా, చప్పుడు కాకుండా వెనక్కి దిగిపోయారు. వెంటనే బావమరిది డోలు మీద నాలుగు దెబ్బలు గట్టిగా వేశాడు. పందిట్లో జనం పానకం కోసం చూస్తున్నారు. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

కచేరీ అయ్యాక వాళ్ల వ్యాను దగ్గరికి వెళ్లాను. నేను అడగకముందే ఆయన చెప్పారు.

“పళ్లు కదులుతున్నాయి బాబూ. పైవి, ముందువి రెండూ. తాళం తప్పకుండా ఊగుతున్నాయి, అదొక్కటే ఊరట.”

“నవ్వు బావా, నవ్వు,” అన్నాడు బావమరిది డోలుకు గుడ్డ కడుతూ. “రేపు ఊడి ఒళ్లో పడ్డాక పప్పుగుత్తి పెట్టుకుని ఊదుదువుగాని.”

సన్నాయి పీకను పట్టేది పెదవులే అయినా, పెదవుల వెనక గోడలా నిలబడేది ముందు పళ్లు. గోడ కదిలితే పై స్వరాలకు కావలసిన బిగువు రాదు. కింద స్వరాలు ఎలాగో నెట్టుకురావచ్చు.

మర్నాడు కచేరీ లేదు. ఆయన్ని కార్లో ఎక్కించుకుని గుంటూరు తీసుకొచ్చాను. అట్టపెట్టెను వెనక సీటుకు మార్చాను. మా గది కిందే ఉన్న డాక్టరమ్మ ఆయన్ని పడక కుర్చీలో పడుకోబెట్టి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూసింది.

“ఏం చేస్తుంటారండీ?”

“ఊదుతానమ్మా.”

ఆమె నా వైపు చూసింది. నేను వివరం చెప్పాను. ఆమె అద్దం పక్కన పెట్టేసింది.

“చిగుళ్లు పోయాయండీ. రెండూ తీసెయ్యాలి. ఎముకలోకి మరలు దించి కొత్తవి కట్టాలి. ఈ వేసవి దాటిందా, ఎముక కూడా అరిగిపోతుంది. అప్పుడు మర పట్టదు.”

“తీసి పెట్టుకునే పళ్లుంటాయట గదమ్మా?”

“అన్నం తినడానికైతే అవి చాలు. మీరు ఊదితే సన్నాయి కంటే ముందు అవి బయటికొస్తాయి.”

ఆయన పడుకునే చేతులు జోడించారు. “కాయ తూకానికి వెళ్లగానే వచ్చేస్తానమ్మా. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాం. ఈసారి కాయ బాగుంది.”

మెట్లు దిగుతూ, ఆ ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. అప్పుడు నా దగ్గర అంత లేదు. అయినా అన్నాను. ఆయన మెట్టు మీద ఆగారు.

“పళ్లు నావి బాబూ. పంట కూడా నాదే. ఆ రెండిటినీ మాట్లాడుకోనివ్వండి. మధ్యలో మీరెందుకు?”

అలా ఆయన రెండు పళ్లూ, వాటితోపాటు పై షడ్జమూ, అద్దంకి పక్క పల్లెలో కల్లం మీద ఆరుతున్న మిరపకాయల మీద ఆధారపడి ఉండిపోయాయి.

నా వ్యాపారం మాత్రం యథావిధిగా సాగింది. అంటే ఎవరూ కొనలేదు. పర్చూరు వైపు ఒక ఊళ్లో పదిమంది రైతులు చుట్టూ చేరారు. నేను పచ్చ దీపం గురించీ, ఎర్ర దీపం గురించీ, కూత గురించీ చెప్పాను. ఒక పెద్దాయన కుప్పలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

“గింజ గలగలమంది. ఎండింది. ఇదిగో నా మిషను. ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.”

పక్కనున్నాయన నన్నడిగాడు. “ఏం బాబూ, ఎర్ర దీపం వెలిగితే ఏం చెయ్యాలంటావు?”

“మళ్లీ ఎండబెట్టాలి బాబాయ్.”

“మరి నీళ్లెప్పుడు చల్లాలంటావు?”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఆ రోజు టీ ఇచ్చేవాళ్లు కాదు.

ఈ నీళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం చెప్పాలి. బాగా ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది. బస్తాకు ఎక్కించేటప్పుడు మనిషి లోపలికి దిగి కాళ్లతో తొక్కి కూరతాడు. ఎండిన కాయను ఎండినట్టే తొక్కితే విరిగిపోయి గింజ రాలుతుంది. విరిగిన కాయకు ధర లేదు. అందుకని బస్తాలు ఎత్తే రోజు తెల్లవారుజామున కుప్ప మీద నీళ్లు చల్లి కాస్త మెత్తబరుస్తారు. ఒకరు కాస్త చల్లుతారు, ఒకరు కాస్త ఎక్కువ చల్లుతారు. కొనడానికి వచ్చినవాడు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెడతాడు. లోపలి చల్లదనాన్ని బట్టి ఎన్ని నీళ్లు పడ్డాయో వాడికి తెలిసిపోతుంది. తెలిసినట్టు చెప్పడు. ఆ మేరకు ధర మనసులోనే తగ్గించుకుంటాడు. తగ్గించుకుంటాడని రైతుకు తెలుసు కనుక, ముందే కాస్త ఎక్కువ అడుగుతాడు. బేరం జరిగేటప్పుడు కల్లం మీద ఎవరూ నీళ్లన్న మాట ఎత్తరు. పెళ్లిచూపుల్లో పిల్లవాడి బట్టతల గురించి ఎవరూ మాట్లాడనట్టే. అన్నీ దాచినట్టే ఉంటుంది, ఎవరూ మోసపోరు.

ఈ మర్యాద ఎన్ని తరాలదో నాకు తెలియదు. మా కంపెనీ పుట్టింది దాన్ని రద్దు చెయ్యడానికే. అంత మాట మాత్రం నేను ఏ ఊళ్లోనూ అనలేదు.

పర్చూరు నుంచి విద్వాంసుడు గారి ఊరు వెళ్లాను. మర్నాడు పొద్దున కొనే మనిషి వస్తాడని తెలిసి, కాయ చూడాలనిపించింది. సాయంత్రం ఎండ వాలుతోంది. కల్లం నిండా టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా కాయ. ఆయన భార్య, ఇంకో నలుగురు ఆడవాళ్లు కూర్చుని తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నారు. పెట్టెలోంచి మిషన్ తీసి మూడు చోట్ల కాయ వేసి చూశాను. మూడుసార్లూ పచ్చ.

“పచ్చంటే మంచిదేనా బాబూ?” అని అడిగింది ఆమె.

“మంచిదేనమ్మా. ఇంతకంటే మంచి కాయ ఈ వారం రోజుల్లో నేను చూడలేదు.”

ఆమె ఇంట్లోకి వెళ్లి గ్లాసు నిండా సేమ్యా పాయసం తెచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని సన్నాయి తుడుచుకుంటున్నారు. మాటల మధ్యలో నాలుకతో పంటిని తోసి చూసుకుంటున్నారు, ఇంట్లో ఇంకా ఉన్నాడా లేడా అని మనిషిని కేకేసినట్టు. నేను అద్దంకి లాడ్జిలో పడుకున్నాను. చాలా కాలానికి బాగా నిద్రపట్టింది.

పొద్దున తొమ్మిదింటికి మళ్లీ కల్లం దగ్గరికి వచ్చాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. పెట్టెను అసలే ఎవరూ తెమ్మనలేదు.

కాయ కుప్ప పోసి ఉంది. ఖాళీ బస్తాలు పక్కన పేర్చి ఉన్నాయి. తొక్కే మనుషులు లుంగీలు ఎగ్గట్టి సిద్ధంగా కూర్చున్నారు. కొనే మనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు. గుంటూరులో ఎవరో ఎగుమతిదారు తరఫున ఊళ్ల మీద తిరిగి కొంటాడు. మార్టూరు దగ్గర నాకు పరిచయమే. నా మిషన్ చూపించబోతే, “నాకు చెయ్యుందండీ,” అని పంపించేశాడు.

ఆ చేతిని కుప్పలోకి మోచేతి దాకా పెట్టాడు. తీశాడు. ఒక కాయ తుంచి వాసన చూశాడు. కాసేపు ఆకాశం వైపు చూశాడు.

“బాగానే ఉంది సాయిబు గారూ. మొన్న అనుకున్న ధరకే, కాస్త అటూ ఇటూ.”

విద్వాంసుడు గారి భుజాలు కొద్దిగా దిగాయి. అంటే అంతవరకూ పైకి లాగిపట్టి ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. బావమరిది తొక్కేవాళ్లకు లేవమని సైగ చేశాడు. అంతా అయిపోయింది. అప్పుడు నేను నోరు తెరిచాను.

ఆ ‘అటూ ఇటూ’ ఏదో ఆయన వైపే రావాలని నా ఆశ. నిన్న నా కళ్లతో మూడుసార్లు పచ్చ చూశాను. ఇరవై ఏళ్లు ఉచితంగా విన్నవాణ్ణి, ఈ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను.

“ఒక్క నిమిషమండీ. ధర చెప్పేముందు మిషన్ మీద చూడండి. నిన్న నేను చూశాను, కాయ బంగారం.”

బావమరిది దగ్గాడు. “ఇప్పుడెందుకు ఇంజనీరు గారూ. టీ చల్లారిపోతోంది, తాగండి.”

“మళ్లీ ఆ పెట్టె మోసుకొచ్చారా?” అంది ఆయన భార్య. గొంతులో నిన్నటి పాయసం లేదు.

ఆయన నా వైపు చూశారు. ఏదో అనబోయి ఆగిపోయారు. అది ఆయన వినయమనుకున్నాను. ఆలాపనలో అరస్వరం జారితే పట్టుకునే చెవి నాది. పక్కన నిలబడ్డ మనిషి ఎందుకు దగ్గాడో ఆ చెవికి తెలియలేదు. తెల్లవారుజామున ఊరంతా చేసే పనే ఈ ఇంట్లోనూ చేసి ఉంటారన్న ఆలోచన నాకు రాలేదు. ఆయన మిరపకాయలు కూడా ఆయన కల్యాణిలాగే ఉంటాయనుకున్నాను కాబోలు.

గిన్నెలో కాయ వేశాను. మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. కూత కల్లం అవతలి దాకా వినిపించింది.

“బ్యాటరీ అయ్యుంటుంది,” అన్నాను. కుప్ప రెండోవైపు నుంచి కాయ తీసి వేశాను. ఎరుపు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయ తీశాను. చేతికి చల్లగా తగిలింది. అక్కడ ఆగి ఉండవలసింది. మూడు చోట్ల నుంచి తీసి మూడుసార్లు చూడనిదే ఫలితం నమ్మరాదని మిషన్‌తో ఇచ్చే కాగితంలో నేనే రాశాను. ఎవరూ చదవని ఆ కాగితాన్ని ఆ పొద్దున నేనొక్కణ్ణే పాటించాను. మూడోసారీ కూసింది.

తొక్కే మనుషులు లుంగీలు దించుకున్నారు.

“నాకు తెలియక కాదండీ,” అన్నాడు కొనే మనిషి, మెల్లగా, నిజంగానే బాధపడుతూ. “చేతికి తెలిసింది. కానీ చెయ్యి నోరు మూసుకుంటుంది. ఇది నలుగురిలో అరిచింది. రేపు ఒక్క బస్తాలో బూజు కనపడితే, అంత అరుస్తుంటే ఎలా కొన్నావురా అని మావాళ్లు నన్నడుగుతారు. ఆరబెట్టి కబురు చెయ్యండి సాయిబు గారూ.”

అంటూనే అతను జేబులోంచి ఫోన్ తీసి ఎర్ర దీపాన్ని ఫొటో తీసుకున్నాడు. మోటారు సైకిల్ ఎక్కి, మళ్లీ దిగి నా దగ్గరికి వచ్చాడు.

“మీ మిషను పనిచేస్తోందండోయ్. ఎంతకిస్తారు?”

మూడేళ్లుగా ఆ ప్రశ్న ఎవరైనా అడగాలని ఎదురుచూశాను. కార్డు ఇవ్వకూడదని తెలుసు. చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్లి కార్డు తీసి ఇచ్చింది.

“పోనీలెండి బాబూ,” అన్నారు విద్వాంసుడు గారు. “ఎండ బాగానే కాస్తోంది.” వంగి, పట్టా కొస పట్టుకుని, కాయ పల్చగా పరవడం మొదలుపెట్టారు. నేను కూడా ఒక చివర పట్టుకోబోయాను. బావమరిది ఆ చివర నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ ఫొటో మధ్యాహ్నానికి మిరప కొనేవాళ్ల ఫోన్లన్నిటికీ చేరింది. ఎవరి కల్లమో, ఏ ఊరో కింద రాసి మరీ. నాకు ఫోన్లు వచ్చాయి. అద్దంకి నుంచి, ఒంగోలు నుంచి, గుంటూరు గిడ్డంగుల నుంచి. అందరిదీ ఒకటే మాట: సాయిబు గారి కాయను పట్టేసిన మిషన్ మీదేనా? మూడేళ్లలో రాని ఆర్డర్లు ఆ వారంలో వచ్చాయి. రాసుకున్నాను. ఈ ముక్క చెప్పకుండా ముందుకు పోవాలని చాలాసార్లు అనిపించింది.

రెండు రోజులకు కాయ మళ్లీ ఎండింది. నేను వెళ్లి చూశాను, పచ్చ దీపం వెలిగింది. దాన్ని కూడా ఫొటో తీసి, నాకు తెలిసిన ప్రతి కొనుగోలుదారుకూ పంపాను. కొందరు దండం బొమ్మ పంపారు. ఎవరూ రాలేదు. ఆ కాయను నేనే కొంటానని విద్వాంసుడు గారితో అన్నాను.

“అన్ని మిరపకాయలు మీరేం చేసుకుంటారు బాబూ? మీ ఇంట్లో అంత కారం తినేవాళ్లున్నారా?” అన్నారు ఆయన. తర్వాత, నా మొహం చూసి కాబోలు, “మీరు వినడం మానకండి. అది చాలు,” అన్నారు.

చివరికి కాయను గుంటూరు యార్డుకు తోలారు. అక్కడికి దాని పేరు ముందే చేరిపోయింది. రెండో రకం ధర పలికింది. ఆ వచ్చింది కౌలుకూ, మందులకూ, కూలీలకూ సరిపోయింది. పళ్ల దాకా రాలేదు. మా గది కింద డాక్టరమ్మ ఒకటి రెండుసార్లు, “మీ ఊదే ఆయన రాలేదేమండీ?” అని అడిగింది. వస్తారన్నాను.

ఇంకా రెండు కచేరీలు మిగిలి ఉన్నాయి. మొదటిది పొదిలి వైపు. వెళ్లాలా వద్దా అని పొద్దంతా ఆలోచించి, వినడం మానకండి అన్న మాట పట్టుకుని వెళ్లాను. ముందు వరసలో కూర్చున్నాను. ఆయన వేదిక ఎక్కి నన్ను చూశారు. తల ఊపారు. కల్యాణి ఎత్తుకున్నారు.

నిషాదం దగ్గరికి రాగానే నేను కళ్లు దించుకున్నాను. దిగిపోతారని తెలుసు. దిగలేదు. ఆయన మెడనరాలు ఉబ్బడం కళ్లెత్తి చూశాను. స్వరం పైకి వెళ్లింది. పై షడ్జం పలికింది. ఎక్కువసేపు కాదు, అంచున చిన్న వణుకు కూడా ఉంది, కానీ పలికింది. బావమరిది డోలు మీద చెయ్యి అలాగే పైన ఆగిపోయింది. నేను పందిట్లో అందరికీ వినపడేలా భేష్ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇరవై ఏళ్లలో నేను విన్నవాటిలో అదే చిన్నది. అన్నిటికంటే అదే గొప్పదని ఆ సాయంత్రం అనుకున్నాను. ఏమీ పోలేదనుకున్నాను. డాక్టరమ్మ మరీ భయపెట్టిందనుకున్నాను. ఫోన్లో రికార్డు చేసుకున్నదాన్ని కార్లో పెట్టుకుని వింటూ లాడ్జికి వెళ్లాను.

మర్నాడు దర్శి దగ్గర ఒక ఊళ్లో రాములవారి కల్యాణం. ఆఖరి కచేరీ. పొద్దున ఎనిమిదింటికే వెళ్లిపోయాను. పందిట్లో ఇంకా కొబ్బరాకులు కడుతున్నారు. ముందు వరసలో మధ్య కుర్చీ మీద నా కండువా వేసి, టీ కోసం బయటికి వచ్చాను. తిరిగి వస్తుంటే పందిరి వెనక నీడలో బావమరిది డోలు పట్టీలు బిగిస్తూ కనిపించాడు. చెయ్యి ఊపి పిలిచాడు.

“ఇట్రండి ఇంజనీరు గారూ. ఒక మాట.”

వెళ్లాను. అతను సంచిలోంచి ఒక తెల్ల తువ్వాలు తీసి మడత విప్పాడు. మధ్యలో ఎర్రటి మరక, చుట్టూ ఎండిపోయి నల్లబడింది.

“నిన్న దిగి వచ్చాక ఉమ్మిన నెత్తురు. ఒక పన్ను తోలు పట్టుకుని వేలాడుతోంది. పొద్దున టీ కూడా తాగలేదు.”

“మరి అంత పైకి ఎందుకు వెళ్లారు?” అన్నాను. “దిగిపోవచ్చు గదా. చిలకలూరిపేటలో దిగిపోయారు గదా.”

“అప్పుడు మీరు బాగానే ఉన్నారు. ఇప్పుడు మీ మొహం చూస్తుంటే ఆయన ఉండలేకపోతున్నాడు. నావల్ల ఆయనకు ఇలా అయిందని మీరు కుమిలిపోతున్నారంట. మీకు ధైర్యం చెప్పడానికి ఎక్కాడు. ఊళ్లో జనానికి కింద వాయించినా ఒకటే, పైన వాయించినా ఒకటే. తేడా తెలిసేది మీ ఒక్కరికే.”

పందిట్లో మైకు సరిచూస్తున్నారు. శ్రుతిపెట్టె మోగడం మొదలైంది. పట్టీల బిగువు చూడటానికి అతను డోలు మీద వేలితో ఒక్కసారి కొట్టి, చెవి వంచి విన్నాడు. తర్వాత తన భుజం మీదున్న నా కండువా తీసి నా చేతిలో పెట్టాడు.

“మీ కుర్చీ తీసేయించాను. వెళ్లిపోండి. ఇంకెప్పుడూ మా బావ కచేరీకి రాకండి.”